ఊడిన పన్ను డాక్టరు దగ్గరికి చేరేలోగా: బడి సిబ్బందికి ఏం నేర్పాలి?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెలో ఒక ప్రైవేటు హైస్కూలు. నర్సరీ నుంచి పదో తరగతి వరకు ఉంది. వానల్లో బోరింగు దగ్గర నాచు పట్టిన గచ్చు మీద జారి, ఐదో తరగతి అబ్బాయికి పై ముందు పన్ను వేరుతో సహా ఊడి వచ్చింది. మావాళ్ళు ఆ పన్నును సబ్బు పెట్టి కడిగి, కాగితంలో చుట్టి తండ్రి చేతికిచ్చారు. భీమవరం చేరేసరికి రెండు గంటలు దాటింది. డాక్టరు గారు పన్ను తిరిగి పెట్టారు గానీ ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పలేమన్నారట. స్టాఫ్‌కి ఒక పూట శిక్షణ పెట్టిద్దామనుకుంటున్నాను. ఎవరెవరిని కూర్చోబెట్టాలి, ఏం చెప్పించాలి? కొబ్బరినీళ్ళలో వేస్తే చాలని ఒకరు, పసుపునీళ్ళతో కడగాలని ఒకరు అంటున్నారు. ఏది నమ్మాలి?
– ఒక హెడ్మాస్టరమ్మ, కోనసీమ

జవాబు:

మేడమ్ గారూ, శిక్షణ అయిపోయేసరికి మీ సిబ్బందిలో ప్రతి ఒక్కరికీ ఒక పని చేతికి వచ్చి ఉండాలి. అది, ఊడిపోయిన శాశ్వత పన్నును అక్కడికక్కడే, పిల్లవాడు పడిన చోటే, తిరిగి దాని గుంటలో పెట్టడం. నిజానికి మీరు వెతుకుతున్న వైద్యంలో సగానికి పైగా అదే. ఆ తర్వాత డెంటిస్టు చేసేది దాన్ని నిలబెట్టడం.

కారణం ఇది. పన్ను వేరు చుట్టూ కంటికి సరిగా కనిపించని పలుచని పొర ఉంటుంది. పన్నును ఎముకకు పట్టి ఉంచేది ఆ పొరలోని నారలే. పన్ను ఊడినప్పుడు ఆ పొర రెండుగా చిరిగి, సగం వేరుకీ సగం గుంట గోడకీ అంటుకుని ఉంటుంది. వేరు మీది కణాలు తడిగా ఉన్నంతసేపే బతుకుతాయి. గాలికి అరగంట ఆరితే చాలావరకు చచ్చిపోతాయి. గంట దాటితే ఆశ దాదాపు లేనట్టే. చచ్చిన పొరతో పెట్టిన పన్ను కూడా నిలబడుతుంది, కానీ మధ్యలో పొర లేకపోవడంతో ఎముక నేరుగా వేరుకి అతుక్కుని, ఏళ్ళ తరబడి వేరును తింటూ పోతుంది. ఎదిగే పిల్లల్లో ఇంకో చిక్కుంది. చుట్టూ దవడ పెరుగుతుంటే అతుక్కున్న పన్ను మాత్రం ఉన్నచోటే ఉండి, పక్క పళ్ళకన్నా పొట్టిగా దిగబడినట్టు కనిపిస్తుంది. మీ బడి అబ్బాయి విషయంలో డాక్టరు గారు ఏమీ చెప్పలేమనడం ఇందుకే. ఆలస్యమైన పన్ను పెట్టడం దండగ అనుకోకండి. నాలుగైదేళ్ళు నిలిచినా అక్కడి ఎముక అరిగిపోకుండా ఉంటుంది, పెద్దయ్యాక చేసే వైద్యానికి అది చాలా పనికొస్తుంది.

ఇప్పుడు మీ ఊరి నుంచి డెంటిస్టు దగ్గరికి పట్టే సమయాన్ని నిజాయితీగా లెక్కేయండి. పేరెంట్‌కి ఫోన్ చేసి, ఆయన పొలం నుంచో చెరువు గట్టు నుంచో వచ్చి, బండి తీసి, చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా భీమవరం వెళ్ళేసరికి ఎంత? సఖినేటిపల్లి వైపు వాళ్ళకి నరసాపురం పంటు (గోదావరి దాటించే పడవ) ఎదురుచూపు దీనికి అదనం. లంక గ్రామాల్లో వరద రోజుల్లో కాజ్‌వే మునిగితే పడవే దిక్కు. అరగంటలో డెంటిస్టు కుర్చీలో కూర్చోవడం డెల్టాలో చాలా ఊళ్ళకి సాధ్యం కాదు. అందుకే పట్నం బడిలో 'త్వరగా ఆస్పత్రికి పంపండి' అనే సలహా సరిపోతుందేమో గానీ మీకు సరిపోదు.

ఎవరిని కూర్చోబెట్టాలి అని అడిగారు. టీచర్లను మాత్రమే పిలిస్తే శిక్షణ సగం వృథా. పళ్ళు ఊడేది ఇంటర్వెల్లో, ఆటల పీరియడ్‌లో, అన్నం బెల్లప్పుడు, బస్సు ఎక్కేటప్పుడు. అప్పుడు పిల్లల దగ్గర ఉండేది ఆయా, పీఈటీ మాస్టారు, వంటామె, వాచ్‌మన్, బస్సు డ్రైవరు, క్లీనరు. వీళ్ళు ముందు వరుసలో కూర్చోవాలి. పై తరగతుల లీడర్లని కూడా పిలవచ్చు. పన్ను వెతికి పెట్టడంలో పిల్లల కళ్ళు మన కళ్ళకన్నా చురుకు.

వాళ్ళకి మొదట చెప్పాల్సింది పన్ను సంగతి కాదు. దెబ్బ తగిలిన పిల్లవాడికి స్పృహ తప్పిందా, వాంతి అయిందా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతున్నాడా, మగతగా ఉన్నాడా? వీటిలో ఏది ఉన్నా పన్నును పాలలో వేసి 108కి ఫోన్ చేయాలి, అంతే. గడ్డం నేలకి కొట్టుకున్న పిల్లల్లో దవడ కీలు, చెవి ముందు భాగంలో, విరిగే అవకాశం ఉంది. నోరు పూర్తిగా తెరవలేకపోవడం, పై కింది పళ్ళు ఎప్పటిలా కలవకపోవడం దాని గుర్తులు. గడ్డం కింద చిన్న గాయానికి ప్లాస్టరు అంటించి క్లాసుకి పంపేస్తే ఇది తప్పిపోతుంది. మరొకటి, ఊడిన పన్ను ఎక్కడా దొరక్కపోతే, పిల్లవాడు దగ్గుతూ ఉంటే లేదా ఊపిరిలో పిల్లికూత వినిపిస్తుంటే పన్ను ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందేమోనని అనుమానించి ఆస్పత్రికి పంపాలి.

అది దాటాక అడగాల్సిన ప్రశ్న: ఊడింది పాల పన్నా, శాశ్వత పన్నా? పాల పన్నును ఎట్టి పరిస్థితిలోనూ తిరిగి పెట్టకూడదు, లోపల తయారవుతున్న పన్ను మొగ్గ దెబ్బతింటుంది. పై ముందు శాశ్వత పళ్ళు ఏడు, ఎనిమిదేళ్ళకి వస్తాయి, కింది ముందు పళ్ళు ఆరు, ఏడేళ్ళకి. కాబట్టి నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకి ఊడింది పాల పన్నే అనుకోవచ్చు. నాలుగో తరగతికి వచ్చాక ముందు పళ్ళన్నీ దాదాపు శాశ్వతమైనవే. తికమక అంతా ఒకటి నుంచి మూడో తరగతి దాకా. శాశ్వత పన్ను పెద్దది, కాస్త పసుపు ఛాయలో ఉంటుంది, కొత్తగా వచ్చిన వాటికి అంచు రంపంలా గాట్లుగా ఉంటుంది. పాల పన్ను చిన్నది, పాలలా తెల్లగా ఉంటుంది. దానంతటది కదిలి ఊడే పాల పన్నుకైతే వేరు దాదాపు ఉండదు. చూసి కూడా తేల్చుకోలేకపోతే గుంటలో పెట్టవద్దు, పాలలో వేసి పంపాలి. సందేహంలో పాలు. ఈ నియమాన్ని బోర్డు మీద రాయించండి.

ఇక్కడ ఒక మాట. మన ఇళ్ళలో పన్ను ఊడితే పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరే అలవాటు తరతరాలుగా ఉంది. ఊడిన పన్నంటే పారేసేదే అన్న భావన అక్కడి నుంచే మనసులో పడిపోతుంది. పాల పన్నుకైతే ఆ ముచ్చట తీర్చుకోవచ్చు. నాలుగో తరగతి పిల్లకి బెంచీ అంచు తగిలి ఊడిన పన్నుకి మాత్రం కాదు. అది చెత్తబుట్టలోకి పోకుండా ఊడ్చే ఆయాకి కూడా ఈ తేడా తెలియాలి.

ఇక అసలు పని. నేర్పేటప్పుడు ఈ వరుస తప్పనివ్వకండి. పిల్లవాణ్ణి కూర్చోబెట్టి తల కాస్త ముందుకి వంచాలి, వెనక్కి వాలిస్తే రక్తం గొంతులోకి పోతుంది. పన్నును పైభాగం పట్టుకుని తీయాలి, అంటే నోట్లో మనకు కనిపించే తెల్లటి భాగం. వేరును వేలితో తాకకూడదు. శుభ్రంగా ఉంటే కడగనక్కర్లేదు. ఇసుక, బురద అంటి ఉంటే సెలైనుతోనో చల్లటి పాలతోనో పైనుంచి పోసి కడగాలి. రెండూ లేకపోతే తాగే నీళ్ళు, అదీ పది సెకన్లకి మించకుండా. రుద్దడం, గోటితో గీకడం, కొంగుతో తుడవడం లేదు. వేరుకి అంటుకున్న మెత్తటి పీచు లాంటిది చెత్త కాదు, మనం కాపాడాలనుకుంటున్న పొర అదే. తర్వాత పన్ను ముఖం చూసుకోవాలి: నునుపుగా, కాస్త ఉబ్బుగా ఉన్న వైపు పెదవి వైపుకి, గుంటగా ఉన్న వైపు నాలుక వైపుకి. వేరు కొనను గుంటలో ఆనించి బొటనవేలితో నిదానంగా నొక్కితే లోపల గడ్డకట్టిన రక్తాన్ని తోసుకుంటూ దిగుతుంది. పక్క పన్ను అంచుకి సమానంగా వచ్చేదాకా నొక్కి, మడిచిన శుభ్రమైన చేతిరుమాలును పళ్ళ మధ్య పెట్టి కొరికి పట్టుకోమనాలి. డెంటిస్టు దగ్గరికి చేరేదాకా ఆ రుమాలు తీయకూడదు.

పెద్దవాళ్ళకి చేతులు వణికేది ఇక్కడే. పిల్లవాడికి నొప్పి పుడుతుందని భయం, తప్పుగా పెడతామేమోనని భయం. దెబ్బ తగిలిన తొలి నిమిషాల్లో గుంట కొంత మొద్దుబారి ఉంటుంది, చాలామంది పిల్లలు ఓర్చుకుంటారు. ఆలస్యమయ్యేకొద్దీ వాపు పెరిగి కష్టమవుతుంది. వెనకది ముందుకి పెట్టినా ఫరవాలేదు, డెంటిస్టు తీసి సరిచేయగలరు. గాలికి ఆరిపోయిన పన్నును మాత్రం ఎవరూ సరిచేయలేరు. లోపలికి దిగకుండా గట్టిగా అడ్డం తగులుతుంటే బలవంతం చేయకూడదు, గుంట ఎముక విరిగి ఉండొచ్చు. అప్పుడు పాలలోకే. స్పృహ సరిగా లేని పిల్లలకి, మూర్ఛ వచ్చిన పిల్లలకి, తీవ్రమైన గుండె జబ్బో, రోగనిరోధక శక్తి తగ్గించే మందులో ఉన్నవాళ్ళకి బడిలో పెట్టవద్దు. ఈ వివరాలు అడ్మిషన్ ఫారంలోనే అడిగి ఉంచుకోండి. 'ముందు పన్ను ఊడితే సిబ్బంది వెంటనే తిరిగి పెట్టడానికి నాకు సమ్మతమే' అన్న వాక్యం కూడా అక్కడే రాయించి సంతకం తీసుకుంటే, ఆ క్షణంలో ఫోన్ ఎత్తని తండ్రి కోసం ఎదురుచూడాల్సిన పని ఉండదు.

దేనిలో వేయాలి అన్న మీ ప్రశ్నకి వస్తే, దంత గాయాల మీద పనిచేసే ఇంటర్నేషనల్ అసోసియేషన్ ఆఫ్ డెంటల్ ట్రామటాలజీ 2020లో సవరించిన మార్గదర్శకాల్లో మన చేతికందేవి మూడు: పాలు, పిల్లవాడి ఉమ్మి, సెలైను. వీటిలో పాలు ముందుంటాయి. పాలలోని లవణాల గాఢత మన శరీర ద్రవానికి దగ్గరగా ఉండటంతో కణాలు ఉబ్బవు, ముడుచుకోవు. మంచినీళ్ళలో ఆ గాఢత లేదు, నీరు కణాల్లోకి చొచ్చుకుపోయి అవి పగిలిపోతాయి. ఇంకేమీ లేనప్పుడు ఆరబెట్టడంకన్నా నీళ్ళు నయం, అంతవరకే. పాలు చల్లగా, చక్కెర లేకుండా ఉండాలి. టీ కొట్టు పాలైతే పూర్తిగా చల్లారాకే. మజ్జిగ, పెరుగు పులుపు, అవి వద్దు. ఉమ్మి అంటే పిల్లవాడు గ్లాసులో ఉమ్మితే అందులో పన్ను వేయడం. పన్నును బుగ్గలో పెట్టుకోమని చిన్నపిల్లలకి చెబితే మింగేస్తారు.

కొబ్బరినీళ్ళు. కోనసీమలో ఈ మాట రాకపోతేనే ఆశ్చర్యం, బడి గోడ పక్కనే చెట్టుంటుంది కదా. పరిశోధకులు దీన్ని ప్రయోగశాలల్లో చూశారు, ఫలితాలు ఒక తీరుగా రాలేదు. లేత బొండం నీళ్ళకి ఆమ్ల గుణం ఉండటం పెద్ద లోపం. అందుకే పాలు దొరికే చోట కొబ్బరినీళ్ళ వైపు వెళ్ళవద్దు. బొండం కొట్టించే వ్యవధిలో పాలపాకెట్ వస్తుంది. పసుపునీళ్ళూ వద్దు. ఇంట్లో కలిపే ఉప్పునీళ్ళు, డెట్టాల్, స్పిరిటు, సబ్బు వేరు మీది కణాలను దెబ్బతీస్తాయి. చర్మం మీది గాయానికి వాడేవన్నీ పన్నుకీ మంచివే అనుకోవడం వల్ల జరిగే నష్టం ఇది. మీవాళ్ళు సబ్బుతో కడిగింది కూడా శ్రద్ధ కొద్దీ చేసిందే.

ఆఫీసు గదిలో ఒక డబ్బా పెట్టండి. అందులో 100 మిల్లీలీటర్ల సెలైను బాటిల్, మూత గట్టిగా పట్టే చిన్న ప్లాస్టిక్ డబ్బా, స్టెరైల్ గాజ్ పాకెట్లు, గ్లవ్స్, చిన్న టార్చి, కాగితం గ్లాసులు ఉంటే చాలు. ఫ్రిజ్ లేని బడికి టెట్రా పాక్‌లో వచ్చే 200 మిల్లీలీటర్ల సాదా పాలు అనుకూలం, విప్పకుండా నెలల తరబడి బయటే ఉంటాయి. బాదం, చాక్లెట్ రుచులవి కాదు. పన్ను మునగడానికి పాలు యాభై మిల్లీలీటర్లు చాలు. చల్లదనం కోసం ఐస్ పెట్టాలనుకుంటే డబ్బా బయట పెట్టాలి, లోపల వేయకూడదు. సెలైను, పాల గడువు తేదీలను ప్రతి నెలా ఒకరు చూసి సంతకం పెట్టాలి. గడువు దాటిన పాలు డబ్బాలో ఉబ్బి కనిపించేది సరిగ్గా అవసరమైన రోజే. విప్పిన సెలైను బాటిల్‌ని మళ్ళీ మూతపెట్టి దాచవద్దు.

మిగతా గాయాలు క్లాసులో క్లుప్తంగా చెప్పొచ్చు. పన్ను ముక్క విరిగితే ముక్కను వెతికి నీళ్ళలో వేసి ఇచ్చి పంపాలి, డెంటిస్టు దాన్నే తిరిగి అతికించగలరు. విరిగిన చోట మధ్యలో ఎర్రటి చుక్క కనిపిస్తే లోపలి నరం బయటపడినట్టు. ఆ రోజే చూపిస్తే చిన్నపిల్లల్లో ఆ నరాన్ని బతికించే వీలుంటుంది. ముక్క దొరక్కపోతే, పెదవి చీరి ఉంటే, అది పెదవి లోపల ఇరుక్కుందేమో డాక్టరుకి చెప్పాలి, ఎక్స్‌రేలో తెలుస్తుంది. పన్ను మాయమై గుంట ఉన్నట్టు కనిపించినా కొన్నిసార్లు అది ఊడి ఉండదు, ఎముకలోకి దిగబడి ఉంటుంది. నేల మీద వెతికే ముందు చిగురు దగ్గర టార్చి వేసి చూడమనండి. దిగబడిన పన్నునీ, పక్కకి వాలిన పన్నునీ లాగకూడదు. పెదవి, నాలుక తెగితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు ఏకధాటిగా నొక్కి పట్టాలి. ఆగిందా అని నిమిషానికోసారి తీసి చూస్తే గడ్డకట్టేది మళ్ళీ చెదిరిపోతుంది.

నేర్పే పద్ధతి గురించి మా అభిప్రాయం గట్టిదే: ఉపన్యాసం వద్దు. గంట క్లాసులో మాటలు పావుగంట, మిగతాది చేతులతో. చపాతీ పిండి గట్టిగా కలిపి పళ్ళెంలో వంపుగా పరిచి దవడలా చేయండి. క్యారెట్లను ఒకవైపు వెడల్పుగా పన్నులా, ఇంకోవైపు మొనదేలిన వేరులా చెక్కి వరుసగా గుచ్చండి. ఒకదాన్ని లాగి మట్టిలో పడేసి, ప్రతి ఒక్కరి చేతా తీయించి, కడిగించి, పెట్టించండి. వేరు పట్టుకున్నవాళ్ళ వేళ్ళకి సుద్దపొడి అంటేలా క్యారెట్ వేరు భాగానికి ముందే సుద్ద రాసి ఉంచితే తప్పు ఎవరికి వారికే కనిపిస్తుంది. పన్ను ముందు వెనకలు గుర్తుపట్టడానికి మాత్రం క్యారెట్ పనికిరాదు, ఒక డెంటిస్టుని అడిగి పళ్ళ ప్లాస్టర్ నమూనా తెప్పించుకోండి. భీమవరంలో విష్ణు డెంటల్ కాలేజీ, రాజమండ్రి దగ్గర జీఎస్ఎల్ డెంటల్ కాలేజీ ఉన్నాయి. ఇలాంటి కాలేజీల్లో పిల్లల దంత వైద్య విభాగానికో, కమ్యూనిటీ విభాగానికో ఉత్తరం రాసి మనిషిని అడగండి.

తర్వాత మూడు సన్నివేశాలు ఇచ్చి ఎవరేం చేస్తారో చేసి చూపించమనండి. యూకేజీ పాప ఉయ్యాల మీంచి పడి ముందు పన్ను ఊడింది. ఏడో తరగతి అబ్బాయికి కబడ్డీలో మోచెయ్యి తగిలి పన్ను ఇసుకలో పడింది. బస్సులో స్టీలు బాటిల్‌తో నీళ్ళు తాగుతుంటే బ్రేకు పడి పన్ను సగం విరిగింది. మొదటిదాంట్లో ఎవరైనా పన్ను తిరిగి పెట్టడానికి ప్రయత్నిస్తే, రెండోదాంట్లో పాల కోసం పరిగెత్తి పన్నును ఇసుకలో వదిలేస్తే, అక్కడే ఆపి సరిచేయాలి. రెండో తప్పు చాలా ఎక్కువగా జరుగుతుంది.

పిల్లవాడితో పాటు ఒక చీటీ పంపాలి. దెబ్బ తగిలిన సమయం, పన్ను ఎంతసేపు తడి లేకుండా ఉంది, దేనితో కడిగారు, ఎన్ని గంటలకి గుంటలో పెట్టారు లేదా పాలలో వేశారు. వైద్యం ఏ దారిన వెళ్ళాలో డెంటిస్టు ఈ నాలుగు వివరాలతోనే నిర్ణయిస్తారు, తండ్రి కంగారులో ఇవేవీ చెప్పలేడు. మట్టిలో పడిన గాయమైతే టీకా కార్డు కూడా తెమ్మనండి. మన టీకాల పట్టికలో ఐదారేళ్ళకి డీపీటీ బూస్టరు, పదేళ్ళకి, పదహారేళ్ళకి టీడీ ఉంటాయి, అవి పడ్డాయో లేదో చూసి ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి డాక్టరు తేలుస్తారు. బయలుదేరే ముందు డెంటిస్టుకి ఫోన్ చేయడం మరవద్దు. ఆదివారమో, మధ్యాహ్నం విరామమో అయి తాళం వేసిన క్లినిక్ ముందు నిలబడితే అరగంట పోతుంది. దగ్గర్లో ఉన్న ముగ్గురు డెంటిస్టుల నంబర్లు, వాళ్ళు ఉండే వేళలు, ఏరియా ఆసుపత్రిలో దంత వైద్యులు ఉండే రోజులు ఇప్పుడే కనుక్కుని డబ్బా మూత మీద అంటించండి, బస్సుల్లో కూడా.

తిరిగి వచ్చిన పిల్లవాడి పన్నుకి సన్నని తీగ కట్టి ఉంటుంది, మామూలుగా రెండు వారాలు. ఆ రెండు వారాలు మెత్తటి తిండి, మెత్తటి బ్రష్షు, ఆటలు బంద్. జంతికలూ చెరుకుముక్కలూ పంచుకునే స్నేహితులకి కూడా ఈ మాట చెప్పాలి. వేరు పూర్తిగా తయారైన పన్నుకి రెండు వారాల్లోపే రూట్ కెనాల్ మొదలుపెడతారు. కట్టు విప్పేశాక నొప్పి లేదు కదా అని చాలామంది తల్లిదండ్రులు మానేసేది ఇక్కడే. వేరు కరగడం నొప్పి లేకుండానే సాగుతుంది, అందుకే నెలకి, మూడు నెలలకి, ఆరు నెలలకి, ఏడాదికి, ఆపైన కనీసం ఐదేళ్ళపాటు ఏటా చూపించాలి. మీ అబ్బాయి తల్లిదండ్రులకి ఈ సంగతి ఇప్పుడే చెప్పండి, ఆలస్యంగా పెట్టిన పన్నుకి ఈ పరీక్షలు ఇంకా ముఖ్యం. క్లాసు టీచరు ఆ తేదీలను రిజిస్టరులో రాసుకుని గుర్తుచేయడం పెద్ద పనేం కాదు. పన్ను బూడిద రంగుకి తిరగడం, చిగురు మీద పొక్కు రావడం కనిపిస్తే తేదీ దాకా ఆగవద్దు.

శిక్షణ జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలో పెట్టండి, అప్పటికి వానలు మొదలై గచ్చులు జారుడుగా మారతాయి. సంక్రాంతి సెలవుల తర్వాత మళ్ళీ ఇరవై నిమిషాలు, చెప్పకుండా, ఒక క్యారెట్‌ను గ్రౌండ్‌లో పడేసి 'ఫలానా వాడి పన్ను' అని కేక వేసి గడియారం చూడండి. పాలు వచ్చేసరికి ఎంతసేపు పట్టిందో తెలిస్తే డబ్బాను ఆఫీసు నుంచి పీఈటీ గదికి మార్చాలో అక్కర్లేదో తేలిపోతుంది. ఈలోగా బోరింగు చుట్టూ ఆ నాచు గీకించి, గచ్చును గరుకుగా చేయించండి.